ఇంటి వయసు నలభయ్యా, ఇరవయ్యా?

2025 వేసవిలో మా అమ్మ పేరున ఉన్న వేములవాడ ఇల్లు అమ్మకానికి పెట్టినం. కొంటామన్న భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులు. బయానా ఇచ్చారు, బ్యాంకులో లోనుకు పెట్టుకున్నారు. ఓ మధ్యాహ్నం బ్యాంకు పంపిన ఇంజనీరు వచ్చాడు. నేను ఊళ్లో లేను, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఆయన టేపు పట్టి రెండు వైపులా కొలిచాడు, ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. గేటు దాటబోతూ అడిగాడట: "అమ్మా, ఇల్లు కట్టి ఎన్నేండ్లయితది?" అమ్మ చెప్పిన జవాబు: "నలభై ఏండ్ల సంది గిక్కడ్నే ఉంటున్నం బిడ్డా."

ఆమె చెప్పింది నిజమే. అదే జాగలో మొదట గూనపెంకుల ఇల్లుండేది. దాన్ని పీకేసి 2005లో స్లాబు వేసుకున్నం. ఆయన అడిగింది ఇంటి వయసు, అమ్మ చెప్పింది తన కాపురం వయసు. రిపోర్టులో మాత్రం 40 అని ఎక్కింది.

ఆ ఒక్క అంకె ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడాలి. స్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు, చివరికి మిగిలే విలువ పదో వంతు అనుకొని ఏటా తరుగుదల తీసేయడం వాల్యుయేటర్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఆ లెక్కన ఏడాదికి నూటికి ఒకటిన్నర పోతుంది. 1,200 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,600 రూపాయల కట్టుబడి ఖర్చు అనుకుంటే, ఇవాళ కట్టడానికి 19 లక్షల 20 వేలు. ఇరవై ఏళ్ల ఇల్లయితే 30 శాతం పోగా 13 లక్షల 44 వేలు నిలుస్తుంది. నలభై ఏళ్లదైతే 60 శాతం పోయి 7 లక్షల 68 వేలే మిగులుతుంది. తేడా 5 లక్షల 76 వేలు. బేరం 46 లక్షలకు కుదిరి, బ్యాంకు విలువలో 80 శాతం ఇచ్చేదైతే, లోను 36 లక్షల 80 వేల నుంచి 32 లక్షల 20 వేల దగ్గరికి దిగుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి పైహద్దు ఆ 80 శాతమే. మిగతా 4 లక్షల 60 వేలు కొనేవాళ్లు ఎక్కడి నుంచి తేవాలి? తేలేరు. "సారే ఇంత రాసిండు, మీరే తగ్గించుకోండ్రి" అన్న మాట మధ్యవర్తి నోట వస్తుంది. మాకూ వచ్చింది.

వేములవాడలో ఇల్లు అమ్ముకున్న పది మందిని కదిలిస్తే ఏడెనిమిది మంది దగ్గర ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది. అమెరికాలో ఇల్లు కొనేవాళ్లు పెట్టుకునే హోమ్ ఇన్‌స్పెక్టర్ లాంటివాడు మనకు లేడు. హైదరాబాదులో కొత్త ఫ్లాట్లకు అలాంటి సేవలు మొదలయ్యాయి గానీ మన జిల్లా ఊళ్లలో ఇల్లు కొనేవాడు సొంత డబ్బుతో పిలిపించుకునే పరీక్షకుడు వాస్తు చూసే పెద్దమనిషి ఒక్కడే. ఈశాన్యంలో బావి ఉందా లేదా అని చూస్తారు, స్లాబు కింద ఇనుము తుప్పు పట్టిందా అని చూడరు. అయినా మన ఇంటికి తనిఖీలే లేవనడం తప్పు. మున్సిపాలిటీ వాళ్లు పన్ను కోసం కొలుస్తారు. బ్యాంకు ఇంజనీరు లోను కోసం కొలుస్తాడు. బ్యాంకు వకీలు కాగితాల్లోని కొలత చూస్తాడు. రోడ్డు పడితే సర్కారు ఇంజనీరు నష్టపరిహారం కోసం కొలుస్తాడు. అందరూ తమ పని కోసం వచ్చినవాళ్లే. అమ్ముకునే మనిషి తరఫున కొలిచేవాడు ఒక్కడూ ఉండడు. నాకు కనిపించిన అసలు లోపం ఇదే. ఎవరి కొలతలో తప్పు పడ్డా అది ఇంకో కాగితంలోకి పాకుతుంది, చివరికి అమ్మకం రోజున బయటపడుతుంది.

కొలతల తప్పులతో మొదలుపెడతాను, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే గనుక. వేములవాడ గుడి చుట్టుపక్కల పాత గల్లీల్లో జాగలు చదరంగా ఉండవు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. తూర్పు 40 అడుగులు, పడమర 46 అడుగులు, ఆ రెండింటి మధ్య దూరం 45 అడుగులు ఉన్న జాగ అనుకుందాం. తూర్పు కొలతే పట్టుకొని 45తో గుణిస్తే 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. రెండు వైపుల సగటు 43 తీసుకుంటే 1,935 అడుగులు, 215 గజాలు. పదిహేను గజాలు టేపు కిందే మాయమవుతాయి. గజం 20 వేలనుకున్నా 3 లక్షలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నాలుగు పక్కలు కొలిచినంత మాత్రాన జాగ విస్తీర్ణం తేలదు. మూల నుంచి మూలకు ఏటవాలు కొలత కూడా తీస్తేనే ఆకారం ఖాయమవుతుంది. నాలుగు కట్టెలకు మేకులు కొట్టి చట్రం చేసి ఒక పక్కకు వంచి చూడండి, పక్కలు మారవు, లోపలి జాగ తగ్గుతుంది. మేస్త్రీలకు ఇది చేసిన అనుభవంతో తెలుసు. పునాది ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం సరిచూసేది అందుకే. ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం ఆ ఐదో కొలత ఎవరూ పట్టరు.

గజాలు, చదరపు మీటర్లు, చదరపు అడుగులు, గుంటలు కలగాపులగం కావడం రెండో జబ్బు. గుంటకు 121 గజాలు. చదరపు మీటరుకు గజం కంటే కొంచెం ఎక్కువ, 1.196. పాత దస్తావేజులో మీటర్లలో ఉన్నదాన్ని గజాలుగా దించేస్తే ఆరో వంతు పోతుంది. కట్టడం సంగతి ఇంకా గజిబిజి. మెట్ల గది, సజ్జ, ముందు వసారా, పైన రేకుల షెడ్డు: వీటిలో ఏది లెక్కలోకి తీసుకున్నారో, ఏది వదిలేశారో రిపోర్టు చూస్తే గానీ తెలియదు. వెనక అర్రకు తాళం వేసి ఉంటే కొలవకుండానే వెళ్లిపోయిన సందర్భం నాకు తెలుసు. ఆ తాళం చెవి అమ్మేవాళ్ల కొంగుకే కట్టి ఉంది, అడిగినవాళ్లు లేరు.

ఇంటి నంబరు తిప్పలు వేరు. వేములవాడ గ్రామపంచాయతీగా ఉన్నప్పుడు ఒక నంబరు, మున్సిపాలిటీ అయ్యాక ఇంకో నంబరు. దస్తావేజులో పాతది, కరెంటు బిల్లులో ఒకటి, పన్ను రసీదులో ఒకటి. ఆస్తి మీది లావాదేవీలు చూపించే ఈసీ తీసేటప్పుడు కొత్త నంబరు ఒక్కటే ఇస్తే పాత లావాదేవీ కనబడకపోవచ్చు. అప్పుడు బ్యాంకు వకీలు "లింకు తెగింది" అని రాస్తాడు. ఆయన తప్పు రాయలేదు, మన కాగితాలు అతకలేదు. పాత నంబరు, కొత్త నంబరు ఒకే ఇంటివని మున్సిపాలిటీ నుంచి రాయించుకుంటే చిక్కు తీరుతుంది. ఈ పని అమ్మకం మాట ఎత్తకముందే చేసుకోవాలి.

2020లో ఈ కొలతలు ఊరూరా ఒక్కసారి కదిలాయి. ఆ సెప్టెంబరు 8 నుంచి రాష్ట్రమంతటా రిజిస్ట్రేషన్లు ఆగాయి. వ్యవసాయేతర ఆస్తులను ధరణి పోర్టల్‌లో ఎక్కించడానికి మున్సిపల్, పంచాయతీ సిబ్బంది ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నారు. తొందరలో నడిచిన పని అది. ఇంటి పెద్ద ఏది చెబితే అది, ఆయన లేకపోతే పక్కింటివాళ్లు చెప్పింది. తర్వాత హైకోర్టులో వ్యాజ్యాలు, డిసెంబరులో పాత పద్ధతిలోనే రిజిస్ట్రేషన్లు మళ్లీ మొదలు కావడం అందరికీ గుర్తే. పన్ను మదింపు నంబరు లేనిదే రిజిస్ట్రేషన్ స్లాటు దొరకని స్థితి వచ్చాక, అప్పటిదాకా ఎవరూ తెరిచి చూడని పన్ను పుస్తకం ఇంటికి పుట్టిన తేదీ పత్రమంత ముఖ్యమైంది.

ఇక్కడ మనవైపు తప్పు కూడా దాచకుండా చెప్పాలి. పన్ను తక్కువ పడుతుందని రెండు గదుల ఇంటిని ఒక గది అని రాయించుకున్న ఇళ్లు ప్రతి వాడలోనూ ఉన్నాయి. స్లాబు వేసినా పన్ను పుస్తకంలో రేకుల ఇల్లుగానే నడిపించారు. కొన్నప్పుడు ఇచ్చిన ధర ఒకటి, దస్తావేజులో రాసిన ధర ఇంకొకటి. ఏళ్ల తరబడి ఏటా నాలుగు వందలు మిగిలింది అనుకున్న ఇల్లు అమ్మకం నాడు లక్షలు అడుగుతుంది. కాగితంలో లేని గదికి బ్యాంకు విలువ కట్టదు. అనుమతి లేని పై అంతస్తును లెక్కలోంచి తీసేస్తుంది. దాన్ని ఇంజనీరు తప్పు అని తిట్టుకోవడం న్యాయం కాదు. రోడ్డు వెడల్పు కోసం వదలాల్సిన జాగను తీసేసి లెక్క కట్టడం కూడా అంతే. మనకు నచ్చని నిజం వేరు, తప్పు వేరు. ఫిర్యాదుకు వెళ్లేముందు ఈ రెంటినీ విడదీయకపోతే, సరైన ఫిర్యాదు కూడా బలం కోల్పోతుంది.

ఇక గోడలు, పగుళ్లు. కరీంనగర్ ప్రాంతంలో ఎర్ర చెలకలూ నల్లరేగడీ పక్కపక్కనే ఉంటాయి. రేగడి మీద కట్టిన ఇల్లు వానకు ఉబ్బిన నేలతో లేస్తుంది, ఎండకు దిగుతుంది. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయే పగులు పునాది కదలికకు గుర్తు. బీమూ ఇటుక గోడా కలిసే చోట వెంట్రుకంత సన్నగా అడ్డంగా వచ్చే గీత చాలాసార్లు ప్లాస్టరుదే, ప్రమాదం లేదు. రెండింటినీ "గోడలకు పగుళ్లు" అని ఒకే మాటలో రాసేసిన రిపోర్టు అమ్మేవాడి ధర కోస్తుంది. తడి మరకా అంతే. పైన గిన్నెలు తోమే చోట నీళ్లు దిగి వచ్చిన మరక ఒకటి, స్లాబు మొత్తం కారే మరక ఇంకొకటి. మేలో వచ్చినవాడికి ఏదీ కనబడదు, జూలైలో వచ్చినవాడికి అంతా కారుతున్నట్టే కనబడుతుంది. భయపడాల్సిన గుర్తు మాత్రం ఒకటుంది. స్లాబు అడుగున సిమెంటు పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వ తేలితే, అది ఎవరి రిపోర్టులో లేకపోయినా ఇంటి అసలు జబ్బు.

పరికరాలు కూడా పొరబడతాయి. కాంక్రీటు గట్టిదనం చూడటానికి స్ప్రింగు సుత్తితో కొట్టి అది ఎంత వెనక్కి ఎగిరిందో అంకె తీస్తారు. అది పైపొర సంగతే చెబుతుంది. ఏళ్లు గడిచిన కాంక్రీటు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని పైన గట్టిపడుతుంది. అందుకని పాత స్లాబు ఉన్నదానికంటే బలంగా ఉన్నట్టు అంకె రావచ్చు. ధ్వని తరంగాలు పంపి చూసే పరీక్ష లోపలి దాకా పోతుంది. అనుమానం వచ్చిన ఇంటికి రెండూ చేయిస్తేనే మాట నిలుస్తుంది.

అమ్మేముందు సున్నం కొట్టి మరకలు కప్పేయడం మన దగ్గర మామూలు. చట్టం దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో పట్టుకోలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పితీరాలి. చెప్పకపోతే దాన్ని మోసంగానే చూస్తుంది. మనం బ్యాంకు రిపోర్టులో తప్పు దిద్దమని అడిగే నైతిక హక్కు కూడా ఇక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం. మన వైపు లోపాన్ని ముందే చెప్పినవాడి మాటకు, లేని లోపం రాశారని చెప్పినప్పుడు విలువ ఉంటుంది.

కొనేది సర్కారే అయినప్పుడు తప్పు బరువు మరీ ఎక్కువ. మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, చింతలఠాణా, అనుపురం, సంకెపల్లి, రుద్రవరం, కొడుముంజ ఊళ్లలో ఇళ్లు కొలిచి విలువ కట్టారు. అక్కడ అమ్మనని చెప్పే వీలు లేదు, ఇంకో కొనుగోలుదారుణ్ని వెతుక్కునే వీలు లేదు. కొలిచేవాడూ కొనేవాడూ ఒక్కరే. దర్వాజా టేకుదా, వేపదా? గోడ మట్టిదా, డంగు సున్నంతో కట్టిందా? పశువుల కొట్టం లెక్కలోకి వచ్చిందా? ఇలాంటి చిన్న గడుల్లో కుటుంబం తలరాత ఉంటుంది. నీళ్లు నిండాక మళ్లీ కొలవడానికి ఇల్లే ఉండదు. 2025 జూన్‌లో వేములవాడలో మూలవాగు వంతెన నుంచి గుడి దాకా రోడ్డు వెడల్పు చేయడానికి కట్టడాలు కూల్చినప్పుడూ నాకు ఇదే గుర్తొచ్చింది. రోడ్డు కావాల్సిందే, జాతర రోజుల్లో ఆ ఇరుకు చూసినవాళ్లు కాదనరు. కానీ కూలిన గోడకు టేపు పట్టలేం.

2013 భూసేకరణ చట్టం ఇక్కడ అక్కరకొచ్చే దారులు కొన్ని పెట్టింది. ఇంటి విలువ కట్టడానికి కలెక్టరు అర్హత ఉన్న ఇంజనీరు సాయం తీసుకోవచ్చని 29వ సెక్షన్ చెబుతుంది. పరిహారం తేల్చే ఉత్తర్వు, అంటే అవార్డులో రాతపొరపాట్లు, లెక్కపొరపాట్లు ఉంటే ఆరు నెలల్లోపు దిద్దే అధికారం 33వ సెక్షన్‌లో ఉంది. కొలతనో విలువనో ఒప్పుకోనివాళ్లు 64వ సెక్షన్ కింద పై అథారిటీకి పంపమని కోరవచ్చు. అవార్డు నాడు హాజరై ఉంటే దానికి గడువు ఆరు వారాలే. ఆ ఆరు వారాలూ చాలామందికి ఇల్లు ఖాళీ చేయడంలోనే గడిచిపోతాయి. అందుకే కొలతకు వచ్చిన రోజే ఇంటివాళ్లు పక్కన నిలబడి ఫొటోలు తీసుకోవాలి, ప్రతి గదినీ తేదీతో సహా. కొలత కాగితం నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లు కొని అమ్మిన మనవాళ్లను అడిగితే అక్కడి పద్ధతి తేడా తెలుస్తుంది. టెక్సస్‌లో ఇన్‌స్పెక్టర్లకు రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. ఇంట్లో తనకు తెలిసిన లోపాలను అమ్మేవాడు ముందే ఒక ఫారంలో రాసివ్వాలి. కొనేవాడు ఇన్‌స్పెక్టరును పెట్టుకొని రిపోర్టు తెప్పించుకుంటాడు, దాన్ని చూపించి బేరం ఆడతాడు. ఆ రిపోర్టులో తప్పుంటే అమ్మేవాడు ప్లంబరునో ఎలక్ట్రీషియన్‌నో పిలిపించి రాతపూర్వకంగా జవాబు చెప్పించుకుంటాడు. తప్పులు అక్కడా పడతాయి. పైగా చాలా ఒప్పందాల్లో ఇన్‌స్పెక్టరు బాధ్యత తాను తీసుకున్న ఫీజు వరకే అని రాసి ఉంటుంది. కాకపోతే బేరంలో ఆ రిపోర్టు అమ్మేవాడి కంటపడుతుంది, జవాబు చెప్పే అవకాశం దొరుకుతుంది. మన దగ్గర ఆ ఒక్కటే లేదు. ఫీజు కట్టేది లోను తీసుకునేవాడు, రిపోర్టు చేరేది బ్యాంకుకు, నష్టపోయేది అమ్మేవాడు. ఆ రిపోర్టు అడిగితే "అది బ్యాంకు లోపలి కాగితం" అంటారు. నా ఇంటి గురించి నాలుగు పేజీలు రాసి, నాకు చూపించకుండా, దాని మీద నా ధర తగ్గించమనడం సబబు కాదు. ధర పక్కన పెట్టండి, కనీసం కొలతలు, కట్టిన ఏడు, కట్టడం రకం ఉన్న పేజీ అమ్మేవాడికి ఇచ్చి సంతకం తీసుకోవాలని బ్యాంకులకు నియమం ఉండాలి. దానితో బ్యాంకుకు పోయేదేమీ లేదు, తప్పు సగం అక్కడే తీరుతుంది.

ఆ నియమం వచ్చేదాకా చేయగలిగింది మన చేతిలో కొంత ఉంది. బయానా తీసుకోకముందే లైసెన్సు ఉన్న సర్వేయరుతోనో ఇంజనీరుతోనో ఐదు కొలతలతో ఇంటి ప్లాను గీయించుకోవాలి. దాన్ని దస్తావేజు పక్కన, పన్ను రసీదు పక్కన పెట్టి చూస్తే తేడాలు మనకే ముందు తెలుస్తాయి. తప్పు ఏ కాగితంలో పుట్టిందో అక్కడే దిద్దించాలి. పన్ను పుస్తకంలో పుట్టినదాన్ని మున్సిపాలిటీలో, దస్తావేజులో పుట్టినదాన్ని సవరణ దస్తావేజుతో. దానికి పాత దస్తావేజులో అమ్మినవాళ్లు కూడా వచ్చి సంతకం పెట్టాలి. వాళ్లు పోయి ఉంటే వారసులు. వాళ్లు రానంటే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టుకు పోవాలి, అది ఏళ్ల పని. అందుకే ఇరుగుపొరుగు పెద్దలు బతికుండగానే హద్దుల మాట తేల్చుకోవడం మంచిది. అమ్మకం ఒప్పందంలో ఒక వాక్యం కూడా రాయించుకోవాలి: బ్యాంకు విలువ తక్కువ వస్తే మళ్లీ తనిఖీకి ఎవరు అడగాలి, ఎన్ని రోజులు ఆగాలి, బయానా సంగతేమిటి. ఈ వాక్యం లేకనే ఎక్కువ బేరాలు తగవుగా మారుతున్నాయి.

మా సంగతికి వస్తే, 40 అని రాసినట్టు మాకు చెప్పింది కొనే ఆమే. లోను ఎందుకు తగ్గిందని ఆమె బ్యాంకులో గట్టిగా అడిగితే ఆ పేజీ చూపించారట. ఇల్లు 2005లో కట్టామనడానికి రుజువు కావాలి. అనుమతి కాగితం దొరకలేదు. పాత కరెంటు మీటరు నాన్న పేరున ఎప్పటి నుంచో ఉన్నది, పనికిరాలేదు. రెండు రోజులు బీరువా అంతా గాలించాక అమ్మకు గుర్తొచ్చింది. మెట్ల గది పైకప్పు కింద, నీళ్ల ట్యాంకు పైపు వెనక, మేస్త్రీ పచ్చి సిమెంటులో పుల్లతో రాసిన అంకెలు. పైపు పక్కకు జరిపి, బూజు దులిపి చూస్తే, వంకర అక్షరాల్లో తారీఖు, కింద 2005. దానికి తోడు ఆ ఏడాది తర్వాత పన్ను పెరిగిన రసీదు ఒకటి దొరికింది. కొనే ఆమె దరఖాస్తు పెట్టింది, మేం రెండూ జతచేసినం.

ఇంజనీరు మళ్లీ వచ్చాడు. ఈసారి నేను ఉన్నాను. చిన్నవాడు, ముప్పై ఏళ్లుంటాయేమో. రోజుకు ఆరేడు ఇళ్లు చూడాల్సి వస్తుందని చెప్పాడు. మెట్ల గదిలో ఫోను లైటు వేసి ఆ అంకెల ఫొటో తీసుకున్నాడు. వెనక అర్ర కూడా తెరిపించి కొలిచాడు. నేను అడగకుండానే మూల నుంచి మూలకు టేపు పట్టమని ఒక కొన నా చేతికిచ్చాడు. అమ్మ వాకిట్లో చాయ పట్టుకొని నిలబడి, "గప్పుడు నేనే తప్పు చెప్పిన బిడ్డా" అంది. "లేదమ్మా, నేను సరిగ్గ అడగలే" అన్నాడతను. కొత్త రిపోర్టు పదకొండు రోజులకు వచ్చింది, అందులో ఇంటి వయసు గడిలో 20 అని ఉంది.